హైదరాబాద్ నుంచి అమెరికాకి నాన్‌స్టాప్ ఎందుకు లేదు? దూరపు రూట్లు, వారానికి ఎన్ని ఫ్లైట్లు అనేవి ఎలా తేలతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వస్తే శంషాబాద్ అంతా అమెరికా వెళ్లే పిల్లలే. ఇంతమంది ఉండి కూడా నాన్‌స్టాప్ ఎందుకు లేదు?

ఒకసారి వచ్చింది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. 238 సీట్ల బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం, వారానికి ఒక్క ఫ్లైటు. ఎక్కువ కాలం నిలవలేదు.

జనం లేక కాదు. జనం ఉన్నారా అనేది ఎయిర్‌లైన్ వేసుకునే ప్రశ్నల్లో మొదటిదే, చివరిది కాదు. చివరి ప్రశ్న వేరు: ఇదే విమానాన్ని ఇంకో ఊరికి తిప్పితే ఇంతకంటే ఎక్కువ మిగులుతుందా? దూరప్రయాణాల పెద్ద విమానాలు ఏ కంపెనీ దగ్గరా అవసరానికి మించి ఉండవు. ఒక రూట్‌కి ఇచ్చారంటే ఇంకో రూట్‌కి ఇవ్వనట్టే. హైదరాబాద్ పోటీ పడేది బెంగళూరుతో మాత్రమే కాదు. ఆ విమానం వెళ్లగలిగే ప్రతి ఊరితోనూ పోటీ పడాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘అమెరికా వెళ్లేవాళ్లు’ అని అందరినీ ఒక్క గంపలో వేసి మాట్లాడతాం గానీ వాళ్లంతా ఒక ఊరికి వెళ్లరు. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా, షికాగో, అట్లాంటా, సియాటిల్, ఇంకా యూనివర్సిటీ ఉన్న ప్రతి చిన్న ఊరూ. షికాగోకి నాన్‌స్టాప్ వేస్తే డాలస్ వెళ్లేవాడికి మారే బాధ తప్పదు. దుబాయ్‌లో మారేవాడు షికాగోలో మారతాడు, అదీ ఇమిగ్రేషన్ క్యూలో నిలబడి, సామాను తీసుకుని మళ్లీ అప్పగించి. ఎటూ మారాల్సిందే అన్నప్పుడు ఎక్కువ డబ్బు ఎందుకు పెడతాడు?

ఎంతమంది ఎక్కడికి వెళ్తున్నారో ఎయిర్‌లైన్‌కి ఎలా తెలుస్తుంది?

ట్రావెల్ ఏజెంట్లు టికెట్లు తీసే అమెడియస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ లాంటి వ్యవస్థల నుంచి బుకింగ్ సమాచారం అమ్మకానికి దొరుకుతుంది. మీ పేరు ఉండదు. ఎక్కడ బయలుదేరి, ఎక్కడ మారి, చివరికి ఎక్కడ దిగారో ఉంటుంది. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో నేరుగా కొన్న టికెట్లు ఇందులో సరిగ్గా కనిపించవు కాబట్టి వాటిని అంచనా వేసి కలుపుతారు.

ఇక్కడ వాళ్లు చూసేది ఫ్లైటులో ఎంతమంది ఎక్కారన్నది కాదు, మొదటి ఊరి నుంచి చివరి ఊరి దాకా ఎంతమంది వెళ్లారన్నది. హైదరాబాద్–దుబాయ్ ఫ్లైటులో ఒక వరస తీసుకోండి. కిటికీ పక్కన దుబాయ్‌లోనే దిగే నిజామాబాద్ కార్మికుడు, మధ్యలో డాలస్‌లో కూతురి పురిటికి వెళ్తున్న తల్లి, ఈ చివర బోస్టన్‌లో ఎమ్మెస్ చేసే కుర్రాడు. విమానం లెక్కలో ముగ్గురూ ఒకటే. రూట్ ప్లానింగ్ లెక్కలో మూడు వేర్వేరు మార్కెట్లు. ఒక్కో జతకి రోజుకి ఒక్కో వైపు ఎంతమంది వస్తారో తీస్తారు. సగటున ఎంత చెల్లించారో కూడా పక్కన రాసుకుంటారు. చాలాసార్లు మొదటి అంకె ఊరిస్తుంది, రెండో అంకె నీళ్లు చల్లుతుంది.

నాన్‌స్టాప్ వస్తే కొత్తగా ఎంతమంది ప్రయాణం పెట్టుకుంటారో కూడా ఊహించాలి. మధ్యలో మారడానికి భయపడి వెళ్లని తల్లిదండ్రులు మన దగ్గర తక్కువేమీ లేరు. అయితే ఈ అంకెను ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెంచుకోవచ్చు కాబట్టి అనుభవమున్న ప్లానర్ దీన్ని అనుమానంగానే చూస్తాడు.

సీట్లు నిండితే లాభమే కదా?

కాదు. 90 శాతం నిండి నష్టపోయే రూట్లూ ఉన్నాయి, 75 శాతం నిండి లాభాలు తెచ్చేవీ ఉన్నాయి. ఎవరు, ఎంత పెట్టి నింపారన్నదే లెక్క.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ సంగతి చూడండి. 2004లో సింగపూర్–న్యూయార్క్ ప్రాంతానికి (విమానాశ్రయం నెవార్క్) నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. విమానం ఎయిర్‌బస్ ఎ340-500, నాలుగు ఇంజిన్లు, విపరీతంగా తాగే ఇంధనం. 2013 నవంబరులో ఆపేసింది. రెండు ఇంజిన్ల ఎ350-900యూఎల్ఆర్ వచ్చాక 2018 అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఆ విమానంలో 161 సీట్లే: 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. ఎకానమీ అసలు లేదు. ఊళ్లూ అవే, జనమూ వాళ్లే. మారింది విమానం. తక్కువ ఇంధనం తాగే విమానం, ఎక్కువ చెల్లించే ప్రయాణికుడు, రెండూ కలిశాకే రూట్ నిలబడింది. ఆస్ట్రేలియా క్వాంటాస్ 2018 మార్చిలో పెర్త్–లండన్ మొదలుపెట్టినప్పుడు కూడా బోయింగ్ 787-9లో 236 సీట్లే పెట్టింది. అదే విమానంలో 290, 300 సీట్లు వేసే కంపెనీలు ఉన్నాయి.

మన దగ్గర ఎక్కువగా వెళ్లేది విద్యార్థులు, తల్లిదండ్రులు, సెలవులకి వచ్చిపోయే కుటుంబాలు. వీళ్లు ఎకానమీ ప్రయాణికులు. ఐదు వేలు తగ్గుతుందంటే ఎనిమిది గంటలు ఎయిర్‌పోర్టులో కూర్చోవడానికి సిద్ధపడతారు, తప్పు కూడా కాదు. హైదరాబాద్‌కి అనుకూలంగా మాట్లాడేది గచ్చిబౌలి వైపు. కంపెనీ ఖర్చు మీద బిజినెస్ క్లాసులో వెళ్లే టెక్, ఫార్మా మేనేజర్లు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. దిగేది సియాటిలా, శాన్ ఫ్రాన్సిస్కోనా, న్యూజెర్సీనా అనే చీలిక మాత్రం వాళ్లలోనూ ఉంది.

దీనికి తోడు రద్దీ ఒక్క వైపే. ఆగస్టులో వెళ్లే విమానం కిక్కిరిసి ఉంటుంది, వచ్చేది బోసిగా ఉంటుంది. డిసెంబరు రెండో వారంలో తిరగబడుతుంది. సంక్రాంతికి వేసే స్పెషల్ బస్సులకి ఎక్కువ చార్జీ తీసుకునేదీ అందుకే, తిరుగు ఖాళీ కూడా ఎవరో ఒకరు కట్టాలి. విమానానికైతే ఫిబ్రవరి, సెప్టెంబరు లాంటి చప్పటి నెలలు కూడా ఉంటాయి. ఆ నెలల్లో లీజు అద్దె తగ్గదు.

లండన్‌కి వేసే విమానాన్నే అమెరికాకి వేస్తే ఏమవుతుంది?

కాగితం మీద లెక్క వేసి చూడండి.

హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 7,750 కిలోమీటర్లు. వెళ్లడానికి పది గంటలు, రావడానికి తొమ్మిదిన్నర. రెండు చోట్లా దింపి, శుభ్రం చేసి, ఇంధనం నింపి ఎక్కించడానికి రెండేసి గంటల పైచిలుకు. మొత్తం 24 గంటలు. అంటే ఒక్క విమానంతో రోజూ ఒక రాకపోక.

షికాగో 13,300 కిలోమీటర్లు. ఒక్కో వైపు 16, 17 గంటలు. నేల మీద గడిపే సమయం కలిపితే 38 గంటల దాకా వస్తుంది. వారానికి ఉన్నవి 168 గంటలే కాబట్టి ఒక విమానంతో నాలుగు రాకపోకలు అవుతాయి. రోజూ నడపాలంటే రెండు విమానాలు కావాలి, రిపేరు వస్తే ఆదుకోవడానికి ఇంకొకటి ఎక్కడో సిద్ధంగా ఉండాలి.

లండన్‌కి వారంలో ఏడుసార్లు సీట్లు అమ్ముకునే విమానం షికాగోకి నాలుగుసార్లే అమ్ముకుంటుంది. రెండూ సమానం కావాలంటే షికాగో ట్రిప్పు ఒక్కొక్కటీ, ఖర్చులు పోను, లండన్ ట్రిప్పుకి 1.75 రెట్లు మిగల్చాలి. దూరం వల్ల పెరిగే ఇంధనం, నలుగురు పైలట్ల జీతాలు కూడా ఆ ఖర్చుల్లోనే పోవాలి. మరి షికాగో టికెట్‌కి ఎంత అడగగలరు? దుబాయ్, దోహా, లండన్ మీదుగా వెళ్లే టికెట్ ధర దగ్గర గీత గీసి ఉంది. దానికి పైన పదో ఇరవయ్యో శాతం ఇస్తారు, అంతకు మించి ఇచ్చేవాళ్లు కొద్దిమంది. నా ఉద్దేశంలో ఈ పేజీ మొత్తంలో ఈ లెక్క ఒక్కటి అర్థమైతే చాలు, మిగతా జవాబులు చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి.

కొత్త విమానాలు ఎంత దూరమైనా వెళ్తాయంటున్నారు. మరి డాలస్‌కి ఇబ్బందేంటి?

వెళ్తాయి, ఖాళీగా. బోయింగ్ 787-9 గరిష్ఠంగా 254 టన్నుల బరువుతో లేవగలదు. విమానం ఒట్టి బరువే దాదాపు 129 టన్నులు. మిగిలిన 125 టన్నుల్లో ఇంధనం, మనుషులు, సామాను, కార్గో అన్నీ సర్దుకోవాలి. ట్యాంకులు పూర్తిగా నింపితే సుమారు 1,26,000 లీటర్లు, బరువులో 101 టన్నులు. ఇక మిగిలేది 24 టన్నులు.

మనిషికి సామానుతో కలిపి 100 కిలోలు అనుకుంటే 240 మంది. మన రూట్‌లో ఆ వంద సరిపోదు. 23 కిలోల సూట్‌కేసులు రెండు, ఏడు కిలోల క్యాబిన్ బ్యాగు: ఆవకాయ, కారప్పొడులు, ప్రెషర్ కుక్కర్ అన్నీ కలిపి 53 కిలోలు సామానే. ఎవరూ కిలో కూడా వదులుకోరు. మనిషికి 120 వేసుకుంటే 200 మందికి దిగుతుంది, కార్గోకి చోటే ఉండదు. షికాగో అయితే ట్యాంకు పూర్తిగా నింపక్కర్లేదు కాబట్టి కాస్త ఊపిరాడుతుంది. డాలస్ దాదాపు 14,400 కిలోమీటర్లు. 787-9 రేంజ్ 14,000 దగ్గర అని బోయింగే చెబుతుంది, అదీ ఎదురుగాలి, చుట్టుదారి లెక్కలోకి రాకుండా.

పైగా దూరం పెరిగేకొద్దీ ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. చివరి రెండు గంటల్లో కాల్చే ఇంధనాన్ని అంతకు ముందు పద్నాలుగు గంటలు మోసుకు రావాలి. అందుకే ఎనిమిది గంటల ఫ్లైట్లు రెండు కలిపితే అయ్యే ఇంధనం కంటే పదహారు గంటల ఫ్లైటు ఒక్కటి ఎక్కువ తాగుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పల్చబడి విమానం లేపగలిగే బరువు ఇంకా తగ్గుతుంది. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు ఉండటం మన అదృష్టం.

హైదరాబాద్‌లో యూరప్ ఫ్లైట్లు ఎక్కువగా అర్ధరాత్రే ఎందుకు? పగలు పెడితే ఏం పోయింది?

ఎక్కువ మంది తిట్టుకునేది దీన్నే. రాత్రి పదకొండుకి ఇంట్లో బయలుదేరి, పెద్దవాళ్లని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి, రెండింటికి బోర్డింగ్. కానీ ఈ టైము మన కోసం పెట్టింది కాదు, ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో పొద్దున కోసం పెట్టింది.

జర్మనీ కంపెనీ లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ మొదలుపెట్టింది. పద్ధతి ఇలా ఉంటుంది: విమానం అక్కడ మధ్యాహ్నం లేచి, మన అర్ధరాత్రికి ఇక్కడ దిగుతుంది. గంటన్నర, రెండు గంటల్లో తిరిగి లేస్తుంది. అక్కడ ఉదయం ఏడు ప్రాంతంలో దిగుతుంది. ఆ సమయానికి యూరప్‌లోని చిన్నాపెద్దా ఊళ్లన్నిటికీ, తొమ్మిది నుంచి ఒంటిగంట లోపు అమెరికా ఊళ్లకీ ఫ్లైట్లు వరసగా లేస్తుంటాయి. మన విమానంలోంచి దిగినవాళ్లు నలభై దారుల్లో విడిపోతారు. ఆ నలభై దారులే ఈ ఫ్లైటుని నింపుతున్నాయి. కేవలం ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని ఉన్నవాళ్లతో అంత పెద్ద విమానం నిండదు.

పగలు పెట్టారనుకోండి. ఇక్కడ ఉదయం పదింటికి లేస్తే అక్కడ మధ్యాహ్నం దాటాక దిగుతుంది. అమెరికా ఫ్లైట్లు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. ప్రయాణికుడు రాత్రంతా అక్కడ ఉండాలి, షెంగెన్ వీసా లేకపోతే టెర్మినల్ బెంచీ మీదే. ఇక రాత్రిపూట యూరప్‌లో దిగుదామంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూల్ ఫ్లైట్లకి నిషేధం. చుట్టుపక్కల జనం నిద్ర కోసం పెట్టిన రూలు. వాళ్ల నిద్ర కోసం మన నిద్ర చెడుతోందని ఒక పెద్దాయన అన్నారు, కాదనలేం.

గల్ఫ్ ఫ్లైట్లదీ ఇదే తంతు, ఆ గడియారం దుబాయ్, దోహాల్లో ఉంటుంది.

కొత్త రూట్ ఎప్పుడూ వారానికి మూడుతోనే మొదలవుతుంది. రోజూ ఎందుకు వేయరు?

చేతులు కాల్చుకోకుండా చూసుకోవడానికి. 2025 సెప్టెంబరులో నెదర్లాండ్స్ కంపెనీ కెఎల్ఎం హైదరాబాద్–ఆమ్‌స్టర్‌డామ్ మొదలుపెట్టినప్పుడూ వారానికి మూడే. మూడుతో మొదలుపెడితే విమానం మిగతా రోజులు ఇంకో ఊరికి వెళ్తుంది. ఆ ఊరిదీ మనలాంటి పరిస్థితే అయ్యుంటుంది, రెండూ కలిసి ఒక విమానాన్ని పంచుకుంటాయి.

కానీ తక్కువ ఫ్లైట్లతో మొదలుపెట్టడంలోనే రూట్‌ని దెబ్బతీసే గుణం ఉంది. డబ్బు బాగా ఇచ్చే ప్రయాణికుడికి కావాల్సింది మంగళవారం మీటింగ్‌కి సోమవారం వెళ్లి బుధవారం వచ్చేయడం. ఫ్లైటు మంగళ, గురు, శనివారాల్లోనే అయితే అతను రోజూ ఉండే దుబాయ్ మార్గం పట్టుకుంటాడు. అందుకే రెండు కంపెనీల్లో ఒకటి పద్నాలుగు, ఇంకొకటి ఏడు ఫ్లైట్లు నడిపితే, మొదటిదానికి మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ జనం వస్తారని ఈ రంగంలో చాలాకాలంగా గమనించిన విషయం. వారానికి ఒక్కటే అయితే మరీ ఘోరం. ఆ ఒక్కటీ రద్దయితే మళ్లీ వారానికి. 2021 నాటి షికాగో ఫ్లైటుకి ఉన్న పెద్ద లోపం నా దృష్టిలో ఇదే.

సిబ్బంది ఖర్చు కూడా ఉంది. వారానికి మూడు ఫ్లైట్లుంటే దిగిన పైలట్లు, క్యాబిన్ సిబ్బంది తర్వాతి ఫ్లైటు దాకా రెండు మూడు రోజులు హోటల్లో ఉండాలి. రోజూ ఉంటే ఇరవైనాలుగు గంటల్లో తిరిగెళ్తారు. అంటే ఫ్లైట్లు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు కొంచెం తగ్గుతుంది. మూడు నుంచి ఐదు, ఐదు నుంచి ఏడు అని మెట్లు ఎక్కడానికి కారణం ఇదే. ఆ మెట్లు ఎక్కేది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మొదలయ్యే సీజన్లలో. ప్రపంచమంతా షెడ్యూళ్లు ఈ రెండు తేదీల దగ్గరే మారతాయి.

ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడం వల్ల ఆగుతున్నాయా?

దేశాన్ని బట్టి. అమెరికాతో అస్సలు కాదు. 2005 ఏప్రిల్‌లోనే భారత్, అమెరికా ఓపెన్ స్కైస్ ఒప్పందం చేసుకున్నాయి. ఈ రెండు దేశాల కంపెనీల్లో ఏదైనా ఎన్ని ఫ్లైట్లయినా నడపొచ్చు. అడ్డు కాగితాల్లో లేదు, లెక్కల్లో ఉంది.

దుబాయ్‌తో మాత్రం నిజంగానే అడ్డుంది. రెండువైపులా వారానికి చెరో 66 వేల సీట్ల చొప్పున పరిమితి. 2014 నుంచీ అదే. దుబాయ్ కంపెనీలు తమ వాటా ఎప్పుడో వాడేసుకుని, పెంచమని అడుగుతూనే ఉన్నాయి. పెంచితే మన విమానాల్లో నేరుగా యూరప్, అమెరికా వెళ్లాల్సినవాళ్లని దుబాయ్ లాగేసుకుంటుందని ఢిల్లీ వాదన. టికెట్ కొనేవాడి వైపు నుంచి చూస్తే పెంచితే ధర తగ్గుతుంది. రెండూ నిజమే కాబట్టి ఈ గొడవ ఇప్పట్లో తేలదు.

అమెరికన్ కంపెనీలు హైదరాబాద్‌కి ఎందుకు రావు?

రావాల్సిన అవసరం లేకుండానే మన డబ్బు వాళ్లకి చేరుతోంది. హైదరాబాద్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ వెళ్లి, అక్కడ డాలస్ ఫ్లైటు ఎక్కారనుకోండి. అట్లాంటిక్ మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆదాయం పంచుకునే భాగస్వాములు. లుఫ్తాన్సాకి యునైటెడ్, కెఎల్ఎంకి డెల్టా అలాగే. 17 గంటల ఫ్లైటు రిస్కు తీసుకోకుండా, సగం దూరానికి యూరప్ భాగస్వామి తెచ్చిపెడుతుంటే ఇంకేం కావాలి?

రెండో కారణం ఆకాశం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికన్ విమానాలకి రష్యా మీదుగా దారి మూసుకుపోయింది. యునైటెడ్ ఆ మార్చిలోనే శాన్ ఫ్రాన్సిస్కో–ఢిల్లీ, నెవార్క్–ముంబయి ఆపేసింది. ఎయిరిండియాకి ఆ దారి తెరిచే ఉంది కాబట్టి కొన్నాళ్లు కలిసొచ్చింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకి మూసేయడంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవాటికి చుట్టుదారి తప్పలేదు. అదే సెప్టెంబరు 1 నుంచి ఎయిరిండియా ఢిల్లీ–వాషింగ్టన్ నిలిపేసింది. పాత 787లను లోపల మార్చడానికి పక్కన పెట్టడంతో విమానాలు చాలకపోవడం, ఈ చుట్టుదారి, రెండూ కారణాలని చెప్పింది.

ప్రకటించి, అసలు మొదలే పెట్టని రూట్లు ఉంటాయా?

బోలెడు. 2020లో యునైటెడ్ శాన్ ఫ్రాన్సిస్కో–బెంగళూరు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సియాటిల్–బెంగళూరు ప్రకటించాయి. రెండూ ఎగరలేదు. డెల్టా 2019 డిసెంబరులో న్యూయార్క్–ముంబయి మొదలుపెట్టి కోవిడ్‌తో మూడు నెలలకే ఆపింది. ప్రకటన అంటే ఆ రోజుకున్న విమానాలు, ఇంధనం ధర, దారులను బట్టి వేసిన లెక్క. అందులో ఒక్కటి మారినా లెక్క తప్పుతుంది.

స్లాట్లంటే ఏంటి? లండన్‌కి ఇంకో ఫ్లైటు వేయడానికి అంత కష్టమా?

లండన్ హీత్రూ విమానాశ్రయంలో రన్‌వేలు రెండే. దిగడానికి, లేవడానికి ఇచ్చే సమయాలు (వీటినే స్లాట్లంటారు) దాదాపు అన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. సీజన్‌లో కనీసం 80 శాతం వాడితే వచ్చే ఏడాదీ వాళ్లకే. 2016లో ఒమన్ ఎయిర్ ఒక జత స్లాట్ల కోసం ఏడున్నర కోట్ల డాలర్లు పెట్టిందని వార్తలొచ్చాయి. విమానం కాదు, కేవలం టైము! అందుకే హీత్రూ స్లాటు ఉన్న కంపెనీ దాన్ని ఏ ఊరికి వాడాలో చాలా ఆచితూచి తేల్చుకుంటుంది.

కార్గో వల్ల ఏమైనా తేడా ఉంటుందా?

హైదరాబాద్‌కి బాగానే ఉంటుంది. మన కాళ్ల కింద, విమానం పొట్టలో మందులు, టీకాలు వెళ్తుంటాయి. చల్లగా ఉంచాల్సిన ఫార్మా సరుకుకి శంషాబాద్‌లో ప్రత్యేక ఏర్పాట్లున్నాయి. యూరప్ ఫ్లైటుకి ఈ ఆదాయం నికరంగా తోడవుతుంది. ఫిబ్రవరిలో సీట్లు ఖాళీగా ఉన్నా మందుల పెట్టెలు ఆగవు. పైన బరువు లెక్క చూశారు కదా, అమెరికా నాన్‌స్టాప్‌కి ఆ అవకాశం కూడా దాదాపు పోతుంది.

విజయవాడ, విశాఖ నుంచి దూరపు ఫ్లైట్లు ఎప్పుడొస్తాయి?

యూరప్, అమెరికాలకి నేరుగా ఇప్పట్లో ఆశించొద్దు. ఏదైనా పెద్ద హబ్‌కి (అన్ని వైపులకీ విమానాలు మారే ఊరికి) రోజూ ఒక చిన్న విమానం ఉంటే ఆ ఊళ్లకి ఎక్కువ మేలు. విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ నడుపుతోంది.

విజయవాడ అనుభవం చెప్పుకోదగ్గది. 2018 డిసెంబరులో ఇండిగో విజయవాడ–సింగపూర్ వారానికి రెండు ఫ్లైట్లు మొదలుపెట్టింది. టికెట్ల మీద రావాల్సినంత రాకపోతే తేడా కట్టేలా రాష్ట్ర ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ ఇచ్చింది. ఆ సాయం కొనసాగక 2019లో ఫ్లైటు ఆగింది. ప్రభుత్వాలు ఇలా పూచీ పడటం ప్రపంచంలో మామూలే, విమానాశ్రయాలు కూడా కొత్త రూట్‌కి ల్యాండింగ్ చార్జీల్లో రాయితీ ఇస్తాయి. అయితే కొత్త రూట్‌కి జనం అలవాటు పడటానికి ఒకటిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆర్నెల్ల సాయంతో మొదలుపెట్టి ఆర్నెల్లకి ఆపితే డబ్బూ పోతుంది, రూటూ పోతుంది. ఇవ్వదలచుకుంటే రెండేళ్లకి ఒకేసారి రాసివ్వాలి, లేదా అసలు మొదలుపెట్టకూడదు.

ఆన్‌లైన్ పిటిషన్లు, మంత్రులకి వినతిపత్రాలు పనిచేస్తాయా?

లక్ష సంతకాలు ఉన్నా వాటిలో ‘నాన్‌స్టాప్‌కి ఇరవై వేలు ఎక్కువ ఇస్తాను’ అని ఎవరూ రాయరు. పదిహేను కంపెనీలు కలిసి ‘మా ఉద్యోగులకి ఏడాదికి ఇన్ని బిజినెస్ క్లాసు టికెట్లు కొంటాం’ అని మాటిస్తే వెంటనే చర్చ మొదలవుతుంది.

ముందు ముందు పరిస్థితి మారుతుందా?

విమానాలు వస్తున్నాయి. ఎయిరిండియా 2023లో ప్రకటించిన 470 విమానాల ఆర్డరులో 34 ఎ350-1000లు ఉన్నాయి. అవి ఎక్కువ దూరం, ఎక్కువ బరువుతో వెళ్లగలవు. ఇండిగో 2025 జులైలో ముంబయి నుంచి మాంచెస్టర్, ఆమ్‌స్టర్‌డామ్‌లతో దూరప్రయాణాల్లోకి దిగింది, ఎ350-900లకి ఆర్డరిచ్చింది. ఎ321ఎక్స్ఎల్ఆర్ అనే ఒకే నడవా ఉన్న చిన్న విమానం 8,700 కిలోమీటర్ల దాకా వెళ్లగలదని ఎయిర్‌బస్ చెబుతుంది. మూడొందల మందిని నింపలేని ఊళ్లకి అది సరిపోతుంది. నా అంచనా అడిగితే హైదరాబాద్‌కి ముందు యూరప్ ఊళ్లు ఇంకొన్ని కలుస్తాయి, ఉన్నవాటికి ఫ్లైట్లు పెరుగుతాయి. అమెరికా నాన్‌స్టాప్ వస్తే ముందు తూర్పు తీరానికే రావచ్చు. నెవార్క్ 13,000 కిలోమీటర్లే, డాలస్ కంటే 1,400 తక్కువ. డాలస్‌వాళ్లకి ఈ జవాబు నచ్చదని తెలుసు.

కొత్త రూట్ ప్రకటించగానే టికెట్ కొనెయ్యొచ్చా?

కొనొచ్చు, మొదటి నెలల్లో ధరలు కూడా బాగుంటాయి. కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. రానుపోను ఒకే టికెట్ మీద తీసుకోండి. రూట్ ఆగిపోతే అప్పుడు ఇంకో దారిలో పంపమనో, డబ్బు వెనక్కి ఇమ్మనో గట్టిగా అడగొచ్చు. విడివిడిగా కొంటే రెండో టికెట్ గురించి ఎవరూ పట్టించుకోరు. అమెరికాకి రాకపోకలు చేసే ఫ్లైటుని కంపెనీయే రద్దు చేసి, మీరు వాళ్లిచ్చే ప్రత్యామ్నాయం వద్దంటే, నాన్‌రిఫండబుల్ టికెట్‌కైనా డబ్బు తిరిగివ్వాలని అక్కడి రవాణా శాఖ నిబంధన. వోచరే తీసుకోమని బలవంతం చేస్తే ఒప్పుకోవద్దు.

ఫ్లైటు ఏ రోజుల్లో ఉందో వీసా, కాలేజీ తేదీలతో ముందే సరిచూసుకోండి. ఏప్రిల్, నవంబరు మొదటి వారాల టికెట్లయితే సీజన్ మారే తేదీలు దగ్గరే కాబట్టి టైములు జరగొచ్చు. బుకింగ్‌లో ఏజెంటు నంబరు కాకుండా మీ సొంత ఫోన్, మెయిల్ ఇవ్వండి, మార్పు మెసేజ్ నేరుగా మీకే వస్తుంది.